లంకకు పుట్టింటి మన్ను

1906 నవంబరు 4, ఆదివారం. రాజమహేంద్రవరం.

ప్యాకెట్లు వచ్చాయి. రెండు. అమెరికా నుంచి లండను, లండను నుంచి మద్రాసు, మద్రాసులో నా కాలేజీ క్లాస్‌మేటు బల్ల సొరుగులో రెండు నెలలు, అక్కణ్ణుంచి టపాలో నా గదికి. విప్పి చూస్తే ఒక్కొక్కదాన్లో రెండు పొడి పొట్లాలు, దీపపు వత్తికి సరిపోయేంత పత్తి. ఇంతే. ఈ పత్తిలో లక్షల బాక్టీరియా ఎండి నిద్రపోతున్నాయని కాగితం మీద అచ్చు వేశారు. పొడుల్లో పంచదార, ఏవో ఉప్పులు. నీళ్లలో కలిపి పత్తి వేస్తే అవి లేస్తాయి, తింటాయి, ఒకటి రెండవుతుంది. ఒక పగలూ రాత్రీ గడిస్తే నీళ్లు మసకబారతాయి. ఆ నీళ్లతో గింజలు తడిపి, నీడన ఆరబెట్టి విత్తితే, మొక్క వేళ్లలో బుడిపెలు కట్టుకుని కాపురం పెట్టి, గాలిలో ఉన్న నైట్రోజన్ని మొక్కకి అందిస్తాయి.

స్కూల్లో పిల్లలు స్వదేశీ అంటూ విదేశీ పెన్సిళ్లు మానేశారు. వాళ్ల సైన్సు మాస్టరు విదేశీ పురుగుల్ని తెప్పించుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 6.

సైన్సు మత్తులో పడి మరిచిపోకుండా, ఈ పని ఎందుకు మొదలుపెట్టానో రాసి పెట్టుకుంటున్నాను.

శ్రావణంలో వచ్చిన వరదకి రత్నమాణిక్యం అక్కయ్య ఆరెకరాల్లో ఐదు గోదాట్లో కలిశాయి. బావ పోయి మూడేళ్లు. ఇక మిగిలింది ఏటిగట్టు పక్కన ఒక్క ఎకరం, పాత మినప చేను. అదే వరద అక్కయ్య ఊరు రావులపాలెం ఎదురుగా, ఏటి నడుమ, కొత్త లంక వేసింది. భూమి పోయినవాళ్లకి ముందు ఇవ్వాలని అందులో నాలుగెకరాలు సర్కారువారు అక్కయ్య పేర కౌలుకి రాశారు. షరతు ఒక్కటే. మార్చిలో సర్కారు మనిషి పైరు అజమాయిషీకి వచ్చిన రోజున నాలుగెకరాల్లోనూ పైరు నిలబడి ఉండాలి. బీడు కనిపిస్తే కౌలు రద్దయి ఇంకొకరికి పోతుంది.

పోతే ఒక్క ఎకరంతో అక్కయ్య బతకలేదు. ఊరు వదిలి ఇక్కడ నా గదికి వచ్చి, నాకు వండిపెడుతూ బతకాలి. ఆ మాట తనే అంది. అంటున్నంతసేపూ నా మొహం చూడలేదు, గుమ్మం వైపు చూసింది.

లంకలో ఉన్నది ఇసుక మేట. ఉత్త ఇసుకలో మినుము బతకాలంటే నైట్రోజన్ కావాలి. అందుకే మద్రాసు క్లాస్‌మేటు దగ్గర పడి ఉన్న ప్యాకెట్లు అడిగి తెప్పించుకున్నాను. ఫలితమేదో రిపోర్టు రాసి పంపమన్నాడు.

నవంబరు 11, ఆదివారం. రావులపాలెం.

నిన్న స్కూలు వదలగానే ధవళేశ్వరం లాకుల దగ్గర పడవెక్కి పొద్దున దిగాను. మైక్రోస్కోపు పెట్టె దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను. మిషన్ డాక్టరు సీమకి పోతూ అమ్మిన సెకండ్‌హాండ్‌ది, ఇత్తడిది. పడవలో ఒకాయన అందులో హార్మోనియం ఉందా, ఒక పాట పాడకూడదా అని అడిగాడు.

లంకకి పల్లంరాజు పడవలో వెళ్లాం. చేపలు పట్టుకునే మనిషి, ఏరు అతని అరచేతిలో గీత. ఈ లంక మూణ్ణెల్ల పసిగుడ్డండి, దీనికి అప్పుడే ఏం పెడతారండి అన్నాడు. దిగి చూస్తే నిజమే. తెల్లటి ఇసుక, అక్కడక్కడ ఒండ్రు మరక. గడ్డి పరక లేదు.

చిట్టియ్య నలభై ఏళ్లుగా అక్కయ్యగారింటి చేను చేస్తున్నాడు. వాడికి ఈ పత్తి సంగతి ఏమీ నచ్చలేదు. కొత్త లంకలో విత్తే ముందు పాత చేని మన్ను గంపలతో తెచ్చి చల్లాలట. పుట్టింటి మన్ను అంటారట దాన్ని. మొదటి గంపకి పసుపూ కుంకుమా పెట్టి ఇంటి ఇల్లాలు మొయ్యాలి. దారిలో ఎక్కడా కింద పెట్టకూడదు. పడవలో కూడా ఒళ్లోనే ఉండాలి. పాలు ఎంత మంచివైనా తోడు పడకపోతే పెరుగు అవుతాయా అండి బాబుగారూ, అని నన్ను అడిగాడు.

నేను నవ్వాను. పెరుగు వేరు, మన్ను వేరు అన్నాను. అంతటితో ఊరుకోలేదు. గంపలు చల్లితే పైరు ప్యాకెట్టు వల్ల వచ్చిందో గంప వల్ల వచ్చిందో ఎలా తేలుతుంది? ఎక్స్‌పెరిమెంటు పాడవుతుంది. ఒక్క గంప కూడా ఏరు దాటడానికి వీల్లేదని గట్టిగా చెప్పాను. చిట్టియ్య అక్కయ్య వైపు చూశాడు. అక్కయ్య, తమ్ముడు చదువుకున్నవాడు అంది.

సాయంత్రం.

లంక ఇసుక నీళ్లలో కలిపి ఒక చుక్క స్లైడు మీద పెట్టాను. చాలాసేపు చూశాను. ఒకటీ అరా చుక్కలు కదిలాయి. మిగతాదంతా ఖాళీ.

పాత చేని మన్ను చుక్క పెట్టాను. అచ్చం మంగళవారం సంత. చుక్కలు, పుల్లలు, మెలికలు తిరిగేవి, చెప్పు ఆకారంలో ఈదుతూ పోయే పెద్దవి, జిగురు ముద్దలా పాకుతూ దారిలో ఉన్నవాటిని మింగేవి. అక్కయ్యకి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, ఇన్నాళ్లూ వీళ్లందరి నెత్తినా నడిచానా అంది.

నవంబరు 12. ప్రయాణం హడావిడి.

ఇవాళ ఒక్కరోజుకే లీవు పెట్టాను, రేపు స్కూలుంది, ఉండడానికి వీల్లేదు. ఎలా చెయ్యాలో అక్కయ్యకి చెప్పాను. ఇది తోడులాంటిదా అని అడిగింది. కాదు, ఇది వంటింటి వ్యవహారం కాదు, సైన్సు అన్నాను. ఏ పాత్రలో వెయ్యమంటావు అంది. పల్లంరాజు రేవులోంచి కేకేస్తున్నాడు. ఇంట్లో అన్నిటికన్నా మంచి పాత్రలో వెయ్యి అని పరిగెత్తాను.

రెండు కుండీలు తెచ్చుకున్నాను. ఒకదాన్లో పాత చేని మన్ను, రెండోదాన్లో లంక ఇసుక. రెండో ప్యాకెట్టు నా దగ్గరే ఉంది.

నవంబరు 18.

అక్కయ్య కార్డు రాసింది. చెప్పినట్టే చేశాం, నాలుగెకరాలూ విత్తాం, గింజ ఒక్కటి కూడా మిగల్చలేదు.

నవంబరు 19.

రెండో ప్యాకెట్లో పత్తి చిటికెడు తుంచి గాజుగ్లాసులో వేశాను.

నవంబరు 20.

గ్లాసులో నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి. చుక్క తీసి చూస్తే కిటకిట. క్లాసుకి పావుగంట లేటు. కిటికీలో కుండీలు రెండింటిలోనూ ఈ నీళ్లే పోసి, వాటితోనే తడిపిన మినుములు నాటాను. పాత మన్ను కుండీ మీద ఏ అనీ, ఇసుక కుండీ మీద బీ అనీ సుద్దతో రాశాను.

నవంబరు 24.

నాలుగు రోజులుగా రెండు పూటలా చూస్తున్నాను. ఏ కుండీలో మొదటి రెండు రోజులూ చుక్కలు విపరీతంగా పెరిగాయి. సంబరపడ్డాను. ఇవాళ చూస్తే పెద్దవి వచ్చాయి. మునుపు మైక్రోస్కోపు వలయంలో ఒకటి రెండు కనిపించే జిగురు ముద్దలు ఇవాళ పది. అన్నీ తింటున్నాయి. అమెరికా నుంచి నేను పిలిపించుకున్న చుట్టాల్ని మా అక్కయ్య చేలో పెద్దలు భోంచేస్తున్నారు. పిలిచిన వాణ్ణి, చూస్తూ కూర్చున్నాను.

బీ కుండీలో తినేవాడు లేడు. చుక్కలు హాయిగా ఉన్నాయి.

నవంబరు 29.

లెక్కపెట్టాను. తప్పాను. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ తప్పాను.

డిసెంబరు 3.

ఏ కుండీ మొదటి రోజు ఎలా ఉందో ఇవాళ అలాగే ఉంది. పెద్దవి తగ్గాయి. చుక్కలు మామూలు స్థితికి వచ్చాయి. వాటిలో నావి ఉన్నాయో, అన్నీ చచ్చాయో చెప్పలేను. చుక్కల మీద పేర్లు రాసి ఉండవు. అప్పటికే నిండిన ఊళ్లోకి కొత్తవాణ్ణి తోస్తే ఊరు కాస్త కదిలి, మళ్లీ సర్దుకుని కూర్చుంది.

బీ కుండీలో చుక్కలు పలచబడుతున్నాయి. వాటిని ఎవరూ తినలేదు. పంచదార అయిపోయింది, అంతే. ఊరు లేని చోట ఒక్కడే ఏం తిని బతుకుతాడు? మొక్క వేళ్లలోకి త్వరగా దూరినవాడే గట్టెక్కుతాడు.

ఇవాళ ఫిఫ్తు ఫారం క్లాసులో ఒక పిల్లవాడు, మాస్టారూ, ఆక్సిజన్ చెప్పిన పాఠమే మళ్లీ చెబుతున్నారు అన్నాడు. వాణ్ణి నిలబెట్టాను. తరవాత సిగ్గేసి కూర్చోమన్నాను.

డిసెంబరు 9, ఆదివారం.

అక్కయ్య కార్డు. ఆకులు పచ్చబడుతున్నాయి, పసుపు పచ్చ. ఏం చెయ్యమంటావు?

బీ కుండీలో ఒక మొక్క పీకి చూశాను. వేరుకి మూడు బుడిపెలు. చిన్నవే, కానీ ఉన్నాయి. అంటే ప్యాకెట్టు చచ్చిన సరుకు కాదు. మరి అక్కడేమైంది?

శనివారం దాకా ఆగాలి. ఆగలేను. ఆగాలి.

డిసెంబరు 16, ఆదివారం. రావులపాలెం.

లంక అంతా పసుపు. నాలుగెకరాల్లో బెత్తెడు మొక్కలు, పాలు చాలని పసిపిల్లల్లా. ఒకటి పీకాను. వేరు దారంలా నున్నగా ఉంది. ఇంకోటి. పదో, పాతికో పీకాను. ఎక్కడా బుడిపె లేదు. నా కిటికీలో ఉత్త ఇసుకలో మూడు కట్టాయి, ఇక్కడ ఒక్కటీ లేదు.

ఈశాన్యం మూల మాత్రం చాప పరిచినంత మేర నల్లగా, ఆకు దట్టంగా ఉంది. అక్కడ పీకితే వేరు నిండా బుడిపెలు, ఆవాలు అంటించినట్టు. చిట్టియ్య నా మొహం చూడకుండా ఏటి వైపు చూస్తున్నాడు. అడిగితే చెప్పాడు. రెండు గంపలేనండి. మీరు వెళ్లాక చల్లానండి. చేనికి అన్యాయం చెయ్యడానికి చేతులు రాలేదండి.

వాడి మీద కోపం రావాలి. అంతకంటే ముందు ఇంకో అనుమానం వచ్చింది. పరుగున ఇంటికి వచ్చి, అక్కయ్యా, పత్తి ఏ పాత్రలో వేశావు అన్నాను. పూజగదిలోంచి రాగి బిందె తెచ్చి చూపించింది. బావ కాశీ వెళ్లినప్పుడు తెచ్చిన బిందె. చింతపండు పెట్టి తోమి, గోదారి నీళ్లు నింపి, అందులో వేసిందట. మర్నాడు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో, అద్దంలో చూసుకున్నట్టు మొహం కనిపించిందట. బాగా కుదిరిందని సంతోషించిందట.

నేను అరిచాను. రాగిలో వేస్తారా, బుద్ధుండాలి, లక్షల ప్రాణాలు ఒక్క పూటలో చంపావు అని ఇంకా ఏమేమో అన్నాను. పల్లంరాజు పెళ్లాం లోవలక్ష్మి చేపల తట్ట పట్టుకుని వీధిలో నిలబడిపోయింది. అక్కయ్య అంతా విని, నెమ్మదిగా అంది. తోడా అని అడిగాను కదా అబ్బాయ్. కాదన్నావు. తోడు అని ఉంటే కుండలో వేసేదాన్ని. పెరుగు రాగిలో పెట్టేంత తెలివితక్కువదాన్నా నేను?

డిసెంబరు 18. రాజమహేంద్రవరం.

ఇవాళ నేనే చేసి చూశాను. నిన్న పొద్దున రాగానే పత్తి ఇంకో చిటికెడు నీళ్లలో వేసి ఉంచాను. మసకబారిన నీళ్లు రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాన్లో తోమిన రాగి కాణీ వేశాను. పొద్దున ఏడింటికి వేస్తే రెండు గ్లాసుల్లోనూ కిటకిట. మధ్యాహ్నం లంచికి పరిగెత్తుకొచ్చి చూశాను, కాణీ గ్లాసులో మెల్లగా కొట్టుకుంటున్నాయి. సాయంత్రం నాలుగున్నరకి అందులో కదిలేది ఒక్కటి లేదు.

రాగి చెంబులో నీళ్లు ఎందుకు చెడవో క్రిందటేడు ఇదే క్లాసులో ఇదే నేను చెప్పాను. పిల్లల నోట్సుల్లో ఉంటుంది. లంకలో పసుపు రంగుకి కారణం అక్కయ్య కాదు, రాగీ కాదు. ఆమెకి తెలిసిన మాటలో ఆమె అడిగితే, ఆ మాట నాకు చిన్నదిగా కనిపించింది.

కార్డు రాశాను. క్షమించు అని రాయడానికి మూడు కార్డులు చింపాను.

డిసెంబరు 20.

జవాబు. క్షమాపణలు తరవాత, క్రిస్మస్ సెలవులకి వెంటనే రా, పార పట్టాలి.

డిసెంబరు 23, ఆదివారం. రావులపాలెం.

మార్చి మొదటి వారంలో అజమాయిషీ అని కరణం కబురు పంపాడు. ఇప్పుడు విత్తితే డెబ్భై రోజులు. అందుతుంది, అందీ అందకుండా.

పసుపు మొక్కల్ని దున్నేశారు, ఆ చాపంత మూల తప్ప. చూడలేక ఏటి వైపు తిరిగి నిలబడ్డాను.

నేను ఒక మాట అడిగాను. నాలుగెకరాల్లో ఒకటి గంప మన్నుతో, ఒకటి ప్యాకెట్టుతో, ఒకటి రెండింటితో, ఒకటి ఏమీ లేకుండా విత్తుదాం. అప్పుడు పోల్చి చూడడానికి కంట్రోలు ఉంటుంది, నిజం తేలుతుంది. అక్కయ్య బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది. ఏమీ లేని ఎకరం బీడు పడితే కౌలు పోతుంది. నీ నిజం కోసం నేను నీ గదిలో వంట చెయ్యలేను.

నాలుగెకరాలకీ గంప మన్ను, నాలుగెకరాలకీ ప్యాకెట్టు. మిగిలిన పత్తి తనే కొత్త కుండలో వేసింది. గోరువెచ్చటి నీళ్లు, మూత మీద తడిగుడ్డ. 

డిసెంబరు 24.

పొద్దున అక్కయ్య కుండ మూత తీసి చూసి, తోడుకుంది అంది.

డిసెంబరు 26.

మూడు రోజులు. నూట నలభై గంపలు. చిట్టియ్య, అక్కయ్య, లోవలక్ష్మి, కూలికి వచ్చిన నలుగురు, నేను. పాత ఎకరం పైమన్ను అక్కడక్కడ బెత్తెడు మందాన గీకేశాం. ఆ చేను చర్మం ఒలిచినట్టుంది. మొదటి గంప అక్కయ్య మోసింది. పడవలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇదివరకు ఏరు దాటినప్పుడల్లా ఐదెకరాలు పోయిన చోటు వంక చూసేది. ఆవేళ గంపలోకే చూస్తూ కూర్చుంది.

నేను మోసిన గంప ఒకటి పడవ అంచున పెట్టబోయాను, నడుం పట్టేసి. పల్లంరాజు గడ వెయ్యడం ఆపేసి నా వంక చూశాడు. ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడు కదిలాడు.

నా చేతులు బొబ్బలు. మైక్రోస్కోపు పట్టుకుంటే నొప్పి.

డిసెంబరు 27.

ఒక పని చేశాను. పడమటి కొసన మంచం పట్టేంత నేల మన్ను పడకుండా మిగుల్చుకుని, నాలుగు పుల్లలు పాతి, నా జేబులోని పొడి గింజలు విత్తాను. ఎవరూ చూడలేదు. మంచమంత బీడుకి కౌలు పోదు. మద్రాసుకి రిపోర్టు రాయాలంటే ఒక్క కంట్రోలైనా ఉండాలి.

1907 జనవరి 13, ఆదివారం. రాజమహేంద్రవరం.

బీ కుండీని రెండుగా చేసి, ఒక సగంలో పాత మన్ను గుప్పెడు కలిపి పదిహేను రోజులైంది. దానికి సీ అని పేరు. బీ దాదాపు ఖాళీ. మొక్క బతికే ఉంది, కానీ చుట్టూ ఎవరూ లేరు. సీలో అన్ని రకాలూ దిగాయి. పుల్లలు, మెలికలు, చెప్పు ఆకారాలు, తినేవి, తినబడేవి, కుళ్లిన ఆకుని నమిలేవి. కాపురం కుదుటపడింది. రోజూ ఒకేలా ఉంది.

ప్యాకెట్టులో వచ్చింది ఒక్క కులం. గంపలో వెళ్లింది ఊరు. ఇది నేను కనిపెట్టాననుకుని ఇవాళంతా గదిలో పచార్లు చేశాను. తరవాత చిట్టియ్య నవంబరులోనే చెప్పాడని గుర్తొచ్చి కూర్చున్నాను.

జనవరి 20.

ఉత్తరం లేదు.

జనవరి 24.

లేదు. టపా మనిషిని రెండుసార్లు అడిగాను. నాకు ఉత్తరం రాసే బాధ్యత తనది కాదన్నాడు.

జనవరి 27.

కార్డు. పచ్చగా ఉంది. ఒకటే మాట. నాలుగుసార్లు చదివాను, పచ్చ అంటే ఆకు పచ్చో పసుపు పచ్చో రాయలేదు.

ఫిబ్రవరి 10, ఆదివారం. రావులపాలెం.

ఆకు పచ్చ.

పడవ రేవుకి ఆనకముందే దూకి మోకాళ్లు తడుపుకున్నాను. నాలుగెకరాల్లోనూ పైరు నల్లగా ఉంది. మోకాలెత్తు, పూత మొదలైంది. చిట్టియ్య నాకన్నా ముందు ఒక మొక్క పీకి వేరు నా చేతిలో పెట్టాడు. బుడిపెలు. నేను ముందే చెప్పానండి అనలేదు. అని ఉంటే బాగుండేది.

పడమటి కొసకి వెళ్లాను. నా నాలుగు పుల్లలూ ఉన్నాయి. వాటి మధ్య మంచమంత నేలలో మినుము అన్నిటితో సమానంగా, అంతే నల్లగా, పూతతో నిలబడి ఉంది. పీకాను. వేరు నిండా ఆవాలు.

చిట్టియ్య నేను కాదండి అని తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. పల్లంరాజుకి పుల్లల సంగతే తెలీదట. అక్కయ్య నవ్వు ఆపుకుంటోంది. నేను వెళ్లిన మర్నాడే చూసిందట, గంప మన్ను వేసి గింజలు మళ్లీ విత్తిందట. అందరికీ వడ్డించి ఒక్కదాన్ని పస్తు కూర్చోబెట్టడం నాకు చేతకాదు అబ్బాయ్, అంది.

నా కంట్రోలు పోయింది. మద్రాసుకి రాయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. గంపో, పత్తో, రెండూనో ఇక ఎప్పటికీ తేలదు. అరవాలనుకున్నాను. శ్రావణం తరవాత అక్కయ్య నవ్వగా చూడటం అదే మొదలు. అరవలేదు. నవ్వు వచ్చింది నాకూ.

మార్చి 5, మంగళవారం. రావులపాలెం.

లీవు పెట్టి వచ్చాను. దొరగారూ కాదు, తహసీల్దారూ కాదు, ఒక చిన్న ఉద్యోగి వచ్చాడు. గొడుగు పట్టుకుని గట్టు వెంట నాలుగు మూలలూ నడిచాడు. అక్కయ్య ఒడ్డునే నిలబడింది, కొంగు నోట్లో పెట్టుకుని. కాయలు ముదురుతున్నాయి. ఆయన వంగి ఒక కాయ తుంచి, ఒలిచి, పచ్చి గింజ నోట్లో వేసుకున్నాడు. పుస్తకంలో ఏదో రాశాడు. కరణం చూసి తల ఊపాడు. కౌలు మూడేళ్లకి ఖాయం.

నాలుగు నెలల హైరానాకి తీర్పు పది నిమిషాల్లో అయిపోయింది. అక్కయ్య ఆయనకి మజ్జిగ ఇచ్చింది, కంచు గ్లాసులో. తరవాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. నేను వెళ్లలేదు.

మార్చి 17.

మద్రాసు మిత్రుడు రిపోర్టు ఎప్పుడని అడిగాడు. పైరు పండింది, ఎందుకు పండిందో చెప్పలేను అని రాశాను. ఇది రిపోర్టు కాదు, జాతకం అని జవాబిచ్చాడు.

ఆగస్టు 11, ఆదివారం.

వరద. వంతెన మీద నిలబడితే కాళ్ల కింద ఎర్రటి నీళ్లు, చెట్లు, ఒక ఇంటి దూలం. లంక ఎప్పుడో మునిగింది. మునగడం లంకకి మామూలే. గట్టు సంగతి తెలీదు.

ఆగస్టు 16.

అక్కయ్య కార్డు. పాత ఎకరం కూడా పోయింది. పొద్దున చిట్టియ్య చూస్తుండగానే విరిగి పడిందట. ఇల్లు క్షేమం. నువ్వు రావద్దు, పడవలు లేవు.

రోజంతా గదిలో తిరిగాను. అక్కయ్య మామగారి తాత దున్నిన చేను, గీకి గీకి మేం లంకకి మోసిన చేను. బెత్తెడు పైమన్ను తప్ప మిగతాదంతా ఏట్లో.

అక్టోబరు 20, ఆదివారం. రావులపాలెం.

లంక తేలింది. ఉంది. కానీ మూరెడు మందాన కొత్త ఇసుక వేసి పోయింది, మా మన్ను అడుగున పడింది. చిట్టియ్య పారతో అక్కడా ఇక్కడా తవ్వి చూసి కూలబడ్డాడు. పుట్టింటి మన్ను తేవడానికి ఇక పుట్టిల్లు లేదండి బాబుగారూ, అన్నాడు. పక్కవాళ్ల చేని మన్ను అడుగుదామంటే, అది పుట్టింటిది కాదండి అని తల అడ్డంగా ఊపాడు. ఇంటికొచ్చాక అక్కయ్య గుమ్మం వైపు చూసింది.

నాకు అప్పుడు తట్టింది. ఎంత కావాలి చిట్టియ్యా, అని మాత్రం అడిగాను. తోడుకి ఎంత కావాలండి, ఒక మూల అంటుకుంటే నెమ్మదిగా పాకుతుంది అన్నాడు.

అక్టోబరు 27, ఆదివారం. పడవలో.

కిటికీలోంచి పాత చేని మన్ను ఉన్న ఏ కుండీ తీసుకుని బయల్దేరాను. సుద్దతో రాసిన అక్షరం తుడిచేశాను. నిన్న ధవళేశ్వరంలో ఎక్కినప్పటి నుంచీ ఒళ్లోనే ఉంది, ఇప్పుడు పల్లంరాజు పడవలో కూడా. మైక్రోస్కోపు కింద పెట్టాను.